వర్జీనియాలో షాప్‌లిఫ్టింగ్ కేసు: జ్యూరీ అడగాలా, జడ్జి దగ్గరే తేల్చుకోవాలా?

కొత్తసభ్యుడు:
నమస్కారమండీ. మా బావమరిది హెచ్1బీ మీద వచ్చి మూడేళ్లయింది, ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీలో ఉంటాడు. సెల్ఫ్ చెకౌట్‌లో 64 డాలర్ల సరుకు స్కాన్ చేయకుండా తీసుకెళ్లాడని పెటిట్ లార్సెనీ (చిన్న దొంగతనం) కేసు పెట్టారు. స్కాన్ కాలేదన్న సంగతి గమనించలేదంటున్నాడు. జనరల్ డిస్ట్రిక్ట్ కోర్టులో తేదీ ఇచ్చారు. జ్యూరీ (తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందం) అడగమని కొందరు, జడ్జే నయమని కొందరు. లాయర్ ఉన్నారు. ఆయన్ని ఏం అడగాలో చెప్తే చాలు.

కోర్టుపక్షి:
ఆ ఎంపిక ఇప్పుడే చేయక్కర్లేదండీ. జనరల్ డిస్ట్రిక్ట్ కోర్టులో అసలు జ్యూరీయే ఉండదు, జడ్జి ఒక్కరే వింటారు. అక్కడ నిర్దోషి అంటే కేసు అంతటితో సరి. దోషి అంటే 10 రోజుల్లోపు పైనున్న సర్క్యూట్ కోర్టుకు అప్పీలు వేసుకోవచ్చు, నేరం ఒప్పుకున్నా సరే. ఇది మన దగ్గర అప్పీలు లాంటిది కాదు. కింది తీర్పు పక్కకు పోయి విచారణంతా మొదటి నుంచి మళ్లీ జరుగుతుంది. జ్యూరీ హక్కు వచ్చేది అప్పుడే. కాకపోతే శిక్ష కింద వేసినదానికన్నా ఎక్కువ పడొచ్చు. ఆ 10 రోజుల్లో శని, ఆదివారాలు తీసేసి లెక్కపెట్టకండి.

చాలామంది వదిలేసేది ఒకటుంది. కింది కోర్టులో సాక్షి చెప్పింది ఎవరూ రాసిపెట్టరు. సొంత ఖర్చుతో కోర్ట్ రిపోర్టర్‌ని, అంటే చెప్పింది మాటమాటా రాసే మనిషిని పెట్టించుకోండి. స్టోర్ సెక్యూరిటీ మనిషి ఇక్కడ "బార్‌కోడ్ కనపడలేదు" అని, సర్క్యూట్‌లో "బార్‌కోడ్ మీద చెయ్యి అడ్డం పెట్టాడు" అంటే, రాతలో ఉన్నది చదివి నిలదీయొచ్చు. లేకపోతే ఆయన మాటే మాట.

డిఫెన్స్‌వైపు:
సర్క్యూట్‌కు వెళ్తే జ్యూరీయే మామూలు పద్ధతి. వద్దనుకుంటే నిందితుడు ఒక్కడు అంటే సరిపోదు, ప్రాసిక్యూటరూ జడ్జీ కూడా ఒప్పుకోవాలి. ఫెడరల్ కోర్టుల్లోనూ అంతే. జడ్జి విచారణ రాజ్యాంగ హక్కు కాదని 1965లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయితే జ్యూరీని వదులుకోవాలా వద్దా అన్నది క్లయింటు నిర్ణయం, లాయరుది కాదు.

మిస్‌డిమీనర్‌కి, అంటే ఇలాంటి చిన్న నేరానికి 13 మందిని పిలుస్తారు, ఇరుపక్షాలూ చెరో ముగ్గురిని తీసేస్తే మిగిలేది ఏడుగురు. ఏడుగురూ ఒకే మాట మీద ఉండాలి. ఒక్కరు అడ్డం తిరిగితే తీర్పు లేదు, మళ్లీ విచారణ పెట్టొచ్చు. భార్య ప్రియుణ్ని కాల్చి చంపిన నేవీ అధికారి నానావతి కేసులో 1959లో బొంబాయి జ్యూరీ 8-1తో నిర్దోషి అన్నా హైకోర్టు తిరగేసింది కదా, ఇక్కడ అది కుదరదు. జ్యూరీ నిర్దోషి అంటే ఏ కోర్టూ ముట్టుకోలేదు.

ఈ కేసులో గొడవంతా ఉద్దేశం గురించే. సెల్ఫ్ చెకౌట్‌తో తిప్పలు పడని జ్యూరర్ ఉండరు కాబట్టి, వస్తువు కార్ట్‌లో పైకి కనపడుతూ ఉంటే, మిగతా పది సరుకులకూ డబ్బు కట్టి ఉంటే నేను జ్యూరీ వైపే మొగ్గుతాను. వస్తువు సంచి అడుగున ఉన్నా, ధర చీటీ మార్చినట్టు వీడియోలో కనపడినా లెక్క తిరగబడుతుంది. వర్జీనియా చట్టంలో, స్టోర్‌లో ఉండగానే కావాలని సరుకు దాచడం దొంగిలించే ఉద్దేశానికి ప్రాథమిక సాక్ష్యం. అప్పుడు మన వాదన చట్టం మాటల మీద నడవాలి, దానికి జడ్జే మేలు. కాబట్టి ముందు వీడియో పూర్తి ఫుటేజ్ తెప్పించమనండి, ముక్కలు కాదు.

పోలీసుల ముందు చెప్పిన మాట మిరాండా (కస్టడీలో ప్రశ్నించే ముందు పోలీసులు హక్కులు చెప్పాలన్న నియమం) కింద కొట్టేయించగలిగితే జ్యూరీకి అది తెలియనే తెలియదు. జడ్జి విచారణలో మాత్రం దాన్ని కొట్టేసిన జడ్జే కేసూ వినొచ్చు, మర్చిపోయారనుకోవాలి, అంతే. స్టోర్ సెక్యూరిటీ గదిలో సంతకం పెట్టిన కాగితానికి సాధారణంగా మిరాండా వర్తించదు, వాళ్లు ప్రైవేటు మనుషులు.

బావమరిది బోనెక్కేట్టయితే భాష సంగతి ముందే తేల్చుకోండి. తెలుగు దుబాసీ కావాలంటే మొదటి ప్రశ్న నుంచీ ఉండాలి. సగం ఇంగ్లీషులో చెప్పి, ఇబ్బంది ప్రశ్న రాగానే దుబాసీ వైపు చూస్తే జ్యూరీకి నమ్మకం పోతుంది.

వీసావ్యవహారం:
జ్యూరీయా జడ్జీయా అన్నదానికన్నా మీకు ప్రమాదం మధ్యేమార్గంలో ఉంది. "వాస్తవాలు ఒప్పుకో, సమాజసేవ చెయ్, ఏడాది తర్వాత కొట్టేస్తాం" అనే ఒప్పందం రావొచ్చు. రాష్ట్రం లెక్కలో అది శిక్ష కాకపోయినా, నేరానికి సరిపడా వాస్తవాలు ఒప్పుకుని ఏదో ఒక ఆంక్ష పడితే ఇమిగ్రేషన్ చట్టం దాన్ని కన్విక్షన్‌గానే, అంటే నేరం రుజువైనట్టే చూస్తుంది.

పైగా దొంగతనాన్ని సాధారణంగా నైతిక పతనం కిందికి వచ్చే నేరంగా చూస్తారు. అమెరికాలోకి అడ్మిట్ అయిన అయిదేళ్లలోపు చేసిన అలాంటి నేరానికి ఏడాది శిక్ష వేసే వీలుంటే డిపోర్టేషన్‌కు, అంటే దేశం నుంచి పంపేయడానికి దారి తీస్తుంది. వేసిన శిక్ష కాదు, వేయగలిగిన శిక్ష. వర్జీనియాలో పెటిట్ లార్సెనీకి గరిష్ఠం 12 నెలలు, సరిగ్గా ఆ గీత మీదే. కాలిఫోర్నియా అందుకే మిస్‌డిమీనర్ గరిష్ఠాన్ని 364 రోజులకు దించింది. ఈ ముప్పు క్లయింటుకు చెప్పడం క్రిమినల్ లాయర్ బాధ్యతేనని 2010లో పడిల్లా కేసులో సుప్రీంకోర్టు అంది, మొహమాటపడకుండా అడగండి. లార్సెనీ బదులు వేరే సెక్షన్‌కు మార్చగలరా అన్నది మొదటి ప్రశ్న.

కోర్టుపక్షి:
ఇది చదివే మిగతా రాష్ట్రాలవాళ్లకు: పైదంతా వర్జీనియాకే. న్యూజెర్సీలో 200 డాలర్ల లోపు షాప్‌లిఫ్టింగ్‌కు గరిష్ఠం ఆరు నెలలు, కాబట్టి జ్యూరీ లేదు, మునిసిపల్ జడ్జే. టెక్సస్‌లో మిస్‌డిమీనర్‌కి ఆరుగురి జ్యూరీ.

కొత్తసభ్యుడు:
ధన్యవాదాలండీ. సర్క్యూట్‌లో శిక్ష వేసేది జ్యూరీయేనా?

డిఫెన్స్‌వైపు:
2021 జులై నుంచి జడ్జే. జ్యూరీతో వేయించుకోవాలంటే విచారణకు కనీసం 30 రోజుల ముందు నిందితుడు రాతపూర్వకంగా అడగాలి. మీ కేసులో అడగకండి. శిక్షను సస్పెండ్ చేసే అధికారం జ్యూరీకి లేదు, జడ్జికి ఉంది. సస్పెండ్ చేసిన నెలలనూ ఇమిగ్రేషన్‌వాళ్లు పూర్తి శిక్షగానే లెక్కేస్తారు, అదీ గుర్తుపెట్టుకోండి.