పజిల్ గేమ్ ఆడి చూసినవాళ్లు పరిష్కారం కూడా చెప్పాలా, ఇరుక్కున్న చోటు చెబితే చాలా?

కోనేటిగట్టు:
ఒక్కడినే చేస్తున్న పజిల్ అడ్వెంచర్ గేమ్‌ని పోయిన నెల ఐదుగురి చేత ఆడించాను. మూడో గదిలో కోనేరు ఉంటుంది. పైన గోపురం చీకటిగా ఉంటుంది కానీ, నీళ్లలో దాని ప్రతిబింబంలో మాత్రం కొన్ని దీపాలు వెలుగుతుంటాయి. గట్టు మీద దీపాలు అదే వరుసలో వెలిగించాలి. మొదటి నలుగురూ అక్కడే ఆగిపోయారు. వాళ్లలో ఒకాయన "నీళ్ల వైపు బాణం గుర్తు పెట్టండి" అన్నారు. పెట్టాను. తర్వాత ఆడినమ్మాయి నిమిషంలో దాటేసింది. తలుపు తెరుచుకున్నా ముఖంలో ఏ సంతోషమూ లేదు. ఆ గది కోసం రెండు నెలలు కష్టపడ్డాను, ప్రాణం ఉసూరుమంది. ఇలా మార్చండి అని చెప్పడం వల్ల మేలేనా?

పాతతాళం:
చెప్పాలనే అంటాను. పైసా తీసుకోకుండా రెండు గంటలు ఆడినవాళ్లని "మీ సలహా వద్దు" అంటే మళ్లీ వస్తారా? పైగా ఆడినవాడికి తెలిసేది చేసినవాడికి తెలియకపోవచ్చు. 1991 నాటి మంకీ ఐలాండ్ 2 గేమ్‌లో కోతిని స్పానర్‌లా వాడి పంపు తిప్పాలి. అమెరికాలో ఒకరకం స్పానర్‌ని 'మంకీ రెంచ్' అంటారు, అదీ కిటుకు. ఆ మాటే వినని నాకు ఎలా తడుతుంది? వాక్‌త్రూ, అంటే గేమ్‌ని ఎలా దాటాలో అడుగడుగునా చెప్పే గైడు, చూసి దాటాను. ఒక తెలుగువాడు ముందే ఆడి "ఇది మాకు అర్థం కాదు, ఇంకో ఆధారం ఇవ్వండి" అని ఉంటే మంచిదే కదా!

మూడోమెట్టు:
పాతతాళం గారూ, మీరు చెప్పినదాంట్లో విలువైన ముక్క "ఆ మాట మాకు తెలియదు" అన్నదే. ఇంకో ఆధారం ఏమిటన్నది చేసేవాళ్లు తేల్చుకోవాలి. 2007లో వచ్చిన పోర్టల్ అనే పజిల్ గేమ్‌లో ఒక పెట్టెని లెవెల్ చివరిదాకా మోసుకెళ్లాలి. టెస్టర్లు దాన్ని దారిలో వదిలేస్తున్నారని చూసి, దాని మీద గుండె బొమ్మ వేసి, అది నీ తోడు అని ఆటలోని గొంతు చేత చెప్పించారు. టెస్టర్లనే అడిగి ఉంటే "పెట్టె మర్చిపోవద్దని బోర్డు పెట్టండి" అనేవాళ్లేమో.

కోనేటిగట్టు గారూ, ఆగిపోయిన ఆ నలుగురూ అంతసేపూ ఏం చేస్తున్నారు? రికార్డింగ్ ఉందా? వాళ్లు ఏం రాశారన్నదాని కన్నా వాళ్ల చెయ్యి ఎటు పోయిందన్నది చూడండి. చూసేటప్పుడు మీరు నోరు విప్పకూడదు. అదే అన్నిటికన్నా కష్టం.

కోనేటిగట్టు:
రాత్రి కూర్చుని నాలుగు వీడియోలూ చూశాను. గోడకి అందం కోసం ఒక ఇనుప కడియం తగిలించాను. నలుగురూ దాన్నే లాగుతున్నారు! ఒకరైతే పదకొండు నిమిషాలు. ఒక్కరూ కడియం గురించి రాయలేదు. కడియం తీసేశాను, బాణం కూడా. నిన్న కొత్తగా ఇద్దరు ఆడారు. ఒకామె మెట్ల మీద కాసేపు ఊరికే నిలబడి, కెమెరా కిందికి తిప్పి, "అరే!" అని పైకే అనేసింది. రెండో ఆయన ఇరవై నిమిషాలు తిరిగి ఆపేశారు.

పాతతాళం:
కడియం సంగతి ఒప్పుకుంటున్నాను, అది ఏ సలహాతోనూ బయటపడేది కాదు. కానీ ఆ రెండో ఆయన మాటేమిటి? ఇరుక్కున్నవాళ్లు నొక్కితేనే వచ్చే సూచన ఒకటి పెట్టండి. ఇది సలహానే, వెనక్కి తీసుకోను.

మూడోమెట్టు:
అది పెట్టినా తప్పు లేదు. ముందు ఆయన్ని ఒక్క మాట అడగండి, అక్కడ నీళ్లు ఎందుకున్నాయనుకున్నారో.

కోనేటిగట్టు:
ఫోన్ చేసి అడిగాను. నీళ్లు అసలు కదలడం లేదట, గచ్చు మీద వేసిన ముగ్గు లాంటి బొమ్మ అనుకున్నారట. ఈ రాత్రికి రావి ఆకు ఒకటి రాలిపడి, అల లేచేలా చేస్తున్నాను.