నాన్నని యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్లాలా, ముందు ఫిజీషియన్ దగ్గరికా?

మాది గుంటూరు, బ్రాడీపేట. నాన్నకి 66. మిర్చి యార్డులో గుమస్తాగా చేసినన్నాళ్లూ జ్వరమొస్తే తప్ప డాక్టర్ గడప తొక్కలేదు, అడిగితే "నాకేం, గుండ్రాయిలా ఉన్నా" అంటారు. ఈమధ్య రాత్రి మూడు నాలుగు సార్లు లేస్తున్నారు, చెప్పులీడ్చుకుంటూ బాత్రూంకి వెళ్లి చాలాసేపు లోపలే ఉంటారు, చుక్కలు చుక్కలుగా వస్తోందని అమ్మతో అన్నారట, నాతో మాత్రం అనరు.

పోయిన నెల బతిమాలి ఫుల్ బాడీ చెకప్ చేయించాను. ల్యాబ్ అబ్బాయి ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లాడు. తీరా చూస్తే రిపోర్టులో పీఎస్‌ఏ (ప్రోస్టేట్ గ్రంథి కోసం చేసే రక్తపరీక్ష) లేదు, బీపీ ఎవరూ చూడనే లేదు. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) మాత్రం 6.8. అంటే 6.5 దాటింది, షుగరే కదా? ఆయనేమో "రాత్రి అన్నం మానేస్తాలే" అని తేల్చేసి, ఆ రాత్రే ఆవకాయతో మారు వడ్డించుకున్నారు.

షుగర్ వల్ల కూడా ఎక్కువసార్లు లేస్తారంటారు, మరి ఇది షుగరా, ప్రోస్టేటా? పీఎస్‌ఏ నేనే చేయించేయొచ్చా? ప్రోస్టేట్ వాచినా, ఇన్ఫెక్షన్ ఉన్నా అది పెరుగుతుందట, అనవసరంగా టెన్షన్ పడతామేమోనని భయం. కొత్తపేటలో గానీ, బెజవాడ సూర్యారావుపేటలో గానీ పెద్దవాళ్లతో ఓపిగ్గా మాట్లాడే డాక్టరుంటే చెప్పండి. మీ ఇంట్లో ఇలాంటి మొండి నాన్నని ఎలా ఒప్పించారో కూడా.