అమెరికా బ్లూ-రేలు మన ప్లేయర్‌లో ఆడతాయా?

జులై, నవంబర్ నెలల్లో అమెరికాలో బార్న్స్ అండ్ నోబుల్ అనే పుస్తకాల షాపు క్రైటీరియన్ (మంచి మంచి సినిమాలను డిస్కులపై తెచ్చే కంపెనీ) డిస్కులు సగం ధరకు ఇస్తుంది. డాలస్ నుంచి మా బావ సంక్రాంతికి హన్మకొండ వస్తున్నాడు. సత్యజిత్ రే అపు చిత్రాల బ్లూ-రే (డీవీడీ కంటే స్పష్టమైన బొమ్మ ఇచ్చే డిస్కు) సెట్ తెమ్మందామని ఉంది. ఇక్కడ కొన్న మామూలు ప్లేయర్‌లో ఆడుతుందా?

జవాబు: ఆడదు అన్నా. బ్లూ-రేలకు దేశాలను బట్టి ఏ, బీ, సీ అని రీజియన్ తాళం ఉంటుంది. క్రైటీరియన్ అమెరికా బ్లూ-రేలు రీజియన్ ఏ, మనది సీ. అన్ని రీజియన్లూ చదివే ప్లేయర్ ముందు చూసుకో.

జవాబు: 4కే డిస్కుకు (బ్లూ-రే కంటే ఇంకా స్పష్టమైనది) రీజియన్ గోల లేదు, కానీ 4కే ప్లేయర్ కావాలి. దాంతో పాటు అదే డబ్బాలో వచ్చే బ్లూ-రేకు మాత్రం తిప్పలే. ఇంటర్వ్యూలు, డాక్యుమెంటరీలు ఎక్కువగా దాంట్లోనే పెడతారు, అసలు మజా అవే!

అయితే బావతో ప్లేయర్ కూడా మోయించాలె. ఏమంటాడో!

జవాబు: ప్లేయర్ వెనకాల 100-240 వోల్టులని రాసి ఉందో లేదో చూడమను. ఉత్త 110 వోల్టులది తెస్తే మన కరెంటుకు కాలిపోతుంది.