ఈ వారం సమస్య: పిన్ను మరచిపోయి పెండ్లి యాగె

మాస్టారు: ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను, ముందు మూడు పాదాలూ మీరు రాసి పద్యం పూర్తి చెయ్యాలి. పాదంలో అక్షరం కూడా మార్చకండి, "పిన్ని మరచిపోయి" అని దిద్దుకుంటే ఒప్పుకోను. పిన్ను అంటే మన ఇళ్ళలో ఎన్ని ఉన్నాయో చూడండి: చీరకు పెట్టేది, చార్జర్‌ది, స్టాప్లర్‌ది, యూపీఐకి కొట్టేది, చిరునామా చివర రాసేది. ఏది మరిచిపోతే పెళ్ళి ఆగుతుందో మీరే చెప్పండి.

తణుకు టీచరు:

చీర కుచ్చు జారె చిన్నది సిగ్గిల్లె
కట్టు నిలువదాయె గడియ మించె
పెద్దయింట నొక్క పిన్నీసు దొరుకదే
పిన్ను మరచిపోయి పెండ్లి యాగె

మాస్టారు: నడక హాయిగా ఉందమ్మా. మొదటి పాదం చదవగానే పెళ్ళికూతురి గది కళ్ళ ముందుకొచ్చింది. కానీ మూడో పాదంలో పిన్నీసు అనేశాక నాలుగో పాదంలో చెప్పడానికి ఏం మిగిలింది? ఆ మాట దాచి ఉంటే పద్యం ఇంకా నిలబడేది.

సాఫ్ట్‌వేర్ బాబు:

కార్డు చేతనుండె కాసులు రాలవు
తప్పుటంకె మూడు తడవలొత్త
వంటవాడు లేచి వాకిలి దాటెను
పిన్ను మరచిపోయి పెండ్లి యాగె

తణుకు టీచరు: మూడుసార్లు తప్పు కొడితే కార్డు బ్లాకవడం, అది చెప్పకుండానే అర్థమవడం బాగుంది బాబూ. కానీ వంటవాడు వెళ్ళిపోతే తాళి ఆగుతుందా? భోజనాలు ఆగుతాయి గానీ.

సాఫ్ట్‌వేర్ బాబు: మా వైపు మగపెళ్ళివారికి విస్తరి వేయకపోతే పెళ్ళి ఆగినంత పనే మేడమ్. మా అక్క పెళ్ళిలో పప్పు గంట ఆలస్యమైతే మా నాన్న పడ్డ టెన్షన్ నాకింకా గుర్తుంది.

తపాలా తాతగారు:

కొత్తపల్లి యనిన కోకొల్లలూళ్ళుండె
తాళి పంప నదియు దారి దప్పె
అట్ట మీద నంకె లారును రాయక
పిన్ను మరచిపోయి పెండ్లి యాగె

కొత్త సభ్యుడు: పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదరాల్సిన అక్షరమే యతి కదా, మూడో పాదంలో అ-కి లా-తో యతి ఎలా కుదిరిందండీ?

మాస్టారు: అంకెలు + ఆరు అని విడదీసి చూడు నాయనా. అక్కడ ఉన్నది ఆ, అచ్చుకు అచ్చు జత, స్వరయతి. తాతగారూ, నా ఓటు దీనికే. దారి తప్పిన తాళి అనగానే గుండె జారింది, పిన్ను అనే మాట చివరిదాకా కొత్తగానే ఉంది.

తపాలా తాతగారు: ఏళ్ళ తరబడి సార్టింగ్ చేసినవాణ్ణి కదా, అదే రాశాను. పిన్‌కోడ్‌లో మొదటి అంకె 5 అంటే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక. మొదటి మూడూ చూసి సంచిలో వేసేవాళ్ళం, చివరి మూడూ పోస్టాఫీసుకు గుర్తు. ఇంకో మాట, 1972 ఆగస్టు 15న మొదలైన ఈ పద్ధతికి రూపమిచ్చిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ సంస్కృత కవి కూడా. ఉత్తరాలకు అంకెలు కూర్చినాయన పద్యాలూ కూర్చాడని తలుచుకుంటే నాకు ఎంతో గర్వంగా ఉంటుంది.

కొత్త సభ్యుడు: నాది పంపుస్టవ్వు పిన్నండీ. మా అమ్మమ్మ ఆ సన్నటి తీగ ఉన్న రేకుముక్కను గోడ మేకుకు తగిలించేది, బర్నర్ కంత పూడితే దానితో పొడిచేది. మొదటి పాదం "స్టవ్వు మీద పాలు కాగక నిలిచెను".

మాస్టారు: ఊహ చాలా బాగుంది, ఈ పిన్ను ఎవరికీ తట్టలేదు. కానీ స్ట-కి కా-తో యతి చెల్లదు. స్ట-లో స ఉంది, స-కి చ-తో యతి చెల్లుతుంది కాబట్టి చ వేసుకోవచ్చు. "చల్లగా నుండెను" అని చూడు, మిగతాది నువ్వే పూర్తి చెయ్యి.

కొత్త సభ్యుడు:

స్టవ్వు మీద పాలు చల్లగా నుండెను
కంత మసికి పూడె గాలి రాదు
వరుని తండ్రి యలిగి వద్దనె వియ్యమ్ము
పిన్ను మరచిపోయి పెండ్లి యాగె

తణుకు టీచరు: విడిదిలో కాఫీ అందక అలిగిన వియ్యంకుడు! మేకు మాట కూడా ఎక్కడైనా ఇమిడితే చూడు తమ్ముడూ, ఆ రేకుముక్క మా ఇంట్లోనూ అక్కడే వేలాడేది.