శ్వజనమా, భావగ్రాహియా? రోజువారీ మాటల్లో తప్పొప్పులు

చర్చ మధ్యలో వచ్చినవాళ్ల కోసం ముందుగా శ్లోకం:

యద్యపి బహు నాధీషే తథాపి పఠ పుత్ర వ్యాకరణమ్
స్వజనః శ్వజనో మా భూత్ సకలం శకలం సకృత్ శకృత్

నాయనా, పెద్దగా చదువుకోకపోయినా వ్యాకరణం మాత్రం చదువుకో. స్వజనం అనబోయి శ్వజనం అంటే మనవాళ్లు కాస్తా కుక్కలైపోతారు. సకలం శకలమైతే మొత్తం కాస్తా ముక్కవుతుంది. సకృత్ అంటే ఒకసారి, శకృత్ అంటే పేడ. ఇదీ తాత్పర్యం.

దీన్ని పెట్టినవారు, రోజూ మాట్లాడుకునే మాటల్లో కూడా వ్యాకరణం, ఉచ్చారణ సరిగ్గా ఉండి తీరాలా అని అడిగారు. దానికి ఒక మిత్రుడు ఇంకో శ్లోకం గుర్తుచేశారు. తెలియనివాడు "విష్ణాయ" అంటాడు, పండితుడు "విష్ణవే" అంటాడు, ఇద్దరికీ పుణ్యం సమానమే, ఎందుకంటే భావగ్రాహీ జనార్దనః, అంటే దేవుడు చూసేది భావాన్నే. ఆ రెండింటి మధ్యా ఇప్పుడు వాదం నడుస్తోంది. నాకు రెండూ ఇష్టమే. అయితే రెండూ ఒకే రకం తప్పు గురించి చెప్పడం లేదని నా అభిప్రాయం.

మొదటి శ్లోకం చూడండి. పేరు వ్యాకరణానిదే గానీ ఉదాహరణలు మూడూ ఉచ్చారణవే. మూడుచోట్లా స పలకాల్సినచోట శ పలికారు. వేదం చదవడానికి తోడ్పడే శాస్త్రాలైన వేదాంగాల లెక్కలో ఇది శిక్ష, అంటే ఉచ్చారణ శాస్త్రం కిందికి వస్తుంది, వ్యాకరణం వేరే అంగం. ఈ తేడా ఎందుకు ఎత్తానంటే, శ్లోకం చెప్పినాయన తప్పులన్నింటినీ తిట్టలేదు. అక్షరం జారగానే అర్థం తలకిందులయ్యే మాటల్నే ఏరుకున్నాడు. ఆ ఎంపికలోనే మన ప్రశ్నకు సగం జవాబుంది.

తెలుగులో అలాంటి చోట్లు ఎక్కడెక్కడున్నాయి? నెల, నేల. మెడ, మేడ. కల, కల్ల. గడి, గడ్డి. పది, పడి. దీర్ఘమో, ద్విత్వమో, ద–డ తేడానో తప్పిందంటే మాటే మారిపోతుంది. "మేడ నొప్పిగా ఉంది" అంటే వినేవాళ్లు ఒక్క క్షణం ఆగి సర్దుకుంటారు, పక్కనున్న నొప్పి ఆదుకుంటుంది కాబట్టి. అన్నిచోట్లా అలా ఆదుకునే మాట ఉండదు. ఫోన్లో ఇరవై, అరవై కలిసి వినపడితే పక్కన ఏ మాటా సాయం రాదు.

"రాదు", "రాడు" సంగతి మరీ ముఖ్యం. "రేపు రాడు" అంటే మగమనిషి. "రేపు రాదు" అంటే అమ్మాయో, బండో, పార్సిలో. రెండు వాక్యాల్లోనూ కర్త లేదు. కర్తను వదిలేసి మాట్లాడటం మనకు మహా అలవాటు, ఎవరు ఏమిటన్నదంతా క్రియ చివర్లోనే తెలియాలి. చెప్పాను, చెప్పావు, చెప్పాడు, చెప్పింది, చెప్పారు. ఆ చివరి అక్షరాన్ని మింగేస్తే వాక్యంలో మనిషే లేకుండా పోతాడు. ఇదే మాటను ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసినప్పుడు ద, డ ఒకటైపోతాయి. పార్సిలు రాదన్నారా, తెచ్చే అబ్బాయి రాడన్నారా అన్నది చదివేవాళ్లు ఊహించుకోవాలి. నెల, నేల కూడా అక్కడ ఒక్కలాగే కనిపిస్తాయి. ఫోన్లో తెలుగు కీబోర్డు పెట్టుకోమని నేను అందరినీ బతిమాలేది భాషాభిమానం కొద్దీ మాత్రమే కాదు, ఈ గందరగోళం చూడలేక కూడా.

వ్యాకరణంలో అయితే నేను పట్టుబట్టేది మనం, మేము దగ్గర. "మేం మీటింగుకి వెళ్తున్నాం" అంటే వినేవాడు కుర్చీలోనే ఉండిపోతాడు. "మనం వెళ్తున్నాం" అంటే లేచి వస్తాడు. ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట. ఆ భాషలో పెరిగి తెలుగు నేర్చుకుంటున్నవాళ్లు ఇక్కడ తడబడటం సహజం. వాళ్లకి ముందు ఇది నేర్పాలి, సంధులూ సమాసాలూ తర్వాత.

ఇప్పుడు, నిజంగా మనం ఎవర్ని చూసి నవ్వుతున్నామో అటు చూద్దాం. నెల, నేల కలిపేసేవాళ్లు మనకు ఎదురవడమే అరుదు. తెలుగు నేర్చిన పసివాళ్లు కూడా అవి కలపరు. నవ్వులపాలయ్యేది ఒత్తులు పలకనివాళ్లు, శ–ష–స తేడా లేనివాళ్లు. "బయం" అన్నాడు, "సాంతి" అన్నాడు, "బాస" అన్నాడు అని. ఇక్కడ నాకు బాధ కలుగుతుంది. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణం మొదట్లోనే "తెనుఁగునకు వర్ణములు ముప్పదియాఱు" అని సూత్రం ఉంది. ఖ, ఘ, ధ, భ లాంటి ఒత్తక్షరాలు, శ, ష సంస్కృత సమాలైన (సంస్కృతం నుంచి దాదాపు ఉన్నదున్నట్టు వచ్చిన) మాటలతో కలిసి తెలుగులో వాడుకలోకి వచ్చాయని కూడా ఆయనే చెప్పాడు. అంటే అచ్చ తెలుగు నోటికి అవి పుట్టుకతో వచ్చినవి కావు. అందుకే ముఖం మొగమైంది, ఘంట గంటైంది, ఆకాశం ఆకసమైంది, కథ కతైంది, భాష బాసైంది. వీటికి తద్భవాలని పేరుపెట్టి నిఘంటువుల్లోకి ఎక్కించుకున్నాం, పద్యాల్లో మురిపెంగా వాడుకున్నాం. గంట కొట్టింది అంటే ఘంట అనమని ఎవరూ దిద్దరు. మరి అదే మార్పు బడి ముఖం చూడని మనిషి నోట ఇవాళ వినిపిస్తే ఎందుకు నవ్వాలి? ఆ మనిషి భయాన్ని బయం అన్నా భయం మనకు అందింది కదా.

పైగా ఆ సూత్రం మాటల్లోనే అరసున్నా (ఁ) ఉంది, బండిఱ (ఱ) ఉంది. రెండూ ఇప్పుడు మన నోట లేవు. ఒకప్పుడు ఏఁడు అంటే సంవత్సరం, ఏడు అంటే అంకె. అరసున్నా పోయాక రెండూ కలిసిపోయాయి. సందర్భాన్ని బట్టి నెట్టుకొస్తున్నాం, అనుమానమొస్తే ఏడాది అంటున్నాం. భాష తనకు అవసరమైన తేడాను ఏదో ఒక దారిలో నిలబెట్టుకుంటుంది.

చదువుకున్నవాళ్ల సంగతీ చెప్పాలి. థ ని ధ గా పలకడం మనలో ఎంతగా పాతుకుపోయిందంటే వేదికలెక్కి మాట్లాడేవాళ్లు సైతం "నాకు అర్ధమైంది" అంటారు. అక్షరం పట్టుకుని చూస్తే "నాకు సగమైంది" అని. ఎవరికీ అలా వినపడదు. నోటిమాటలో దీన్ని నేను పట్టించుకోను. అచ్చులో "అర్థరాత్రి" అని కనపడితే మాత్రం దిద్దాల్సిందే. మాట దగ్గర మనిషి ఎదురుగా ఉంటాడు, ఏమన్నావని అడగొచ్చు. రాతను ఎవరో, ఎప్పుడో, రాసినవాళ్లు పక్కన లేనప్పుడు చదువుతారు.

ఇక విష్ణాయ సంగతి. అలా అన్నవాడు నోటికొచ్చింది అనలేదు. రామాయ, శివాయ, కృష్ణాయ అని విన్నాడు, అదే వరసలో విష్ణాయ అన్నాడు. అ తో ముగిసే మాటకు వచ్చే చతుర్థీ విభక్తి రూపాన్ని ఉ తో ముగిసే మాటకు తగిలించాడు. తెలుగు కొత్తగా నేర్చుకునేవాళ్లు పిల్లి–పిల్లులు విని "ఇల్లులు" అన్నా ఇదే వరస. ఆ తప్పులో ఒక నియమం పనిచేస్తోంది. ఇంకో నియమం ఇంకా చేతికి రాలేదంతే. అలాంటి మనిషిని వ్యాకరణం రానివాడు అనడం అన్యాయం.

కానీ ఆ శ్లోకంలో వింటున్నది జనార్దనుడు. ఏమీ చెప్పకపోయినా తెలుసుకోగలవాడు. మన మాట వినే ప్రతివాళ్లూ అంతటివాళ్లు కాలేరు. విమానాల రేడియో సంభాషణ తీసుకోండి. 1977 మార్చి 27న టెనెరిఫ్ దీవిలో పొగమంచులో రన్‌వే మీద రెండు బోయింగ్ 747 విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. కారణాలు ఒకటి కాదు. అందులో ఒకటి మాట. "మేమిప్పుడు టేకాఫ్ దగ్గర ఉన్నాం" అనే ధోరణిలో వాటిలో ఒకదాని కాక్‌పిట్ నుంచి వచ్చిన కబురును, ఎగరడానికి సిద్ధంగా నిలబడ్డారని కంట్రోలర్ అనుకున్నాడు. ఆ విమానం అప్పటికే పరుగు మొదలుపెట్టింది. ఆ తర్వాత టేకాఫ్ అన్న మాటను అనుమతి ఇచ్చేటప్పుడో రద్దుచేసేటప్పుడో తప్ప వాడకూడదని నియమం వచ్చింది.

అదే రేడియోలో ఇంకో విశేషం ఉంది. అక్కడ మూడును త్రీ అనరు, ట్రీ అంటారు. అయిదు ఫైఫ్, తొమ్మిది నైనర్. నిఘంటువు ప్రకారం మూడూ తప్పే. గరగరల మధ్య స్పష్టంగా వినపడాలని కావాలనే అలా పెట్టుకున్నారు. 2008 మార్చి నుంచి అంతర్జాతీయ పైలట్లకు భాషా పరీక్ష తప్పనిసరైంది. ఆరు స్థాయిల్లో నాలుగోది వస్తే చాలు. ఆ స్థాయిలో మాతృభాష యాస ఉండొచ్చు, అది అర్థమవడానికి కొన్నిసార్లకు మించి అడ్డురాకూడదు. ప్రాణాలు మాట మీద ఆధారపడిన చోట కూడా యాసను నేరం చెయ్యలేదు. అవతలివాళ్లకి అందిందా లేదా అన్నదే కొలత.

యాసను నిజంగానే నేరం చేసిన చోటు కూడా చరిత్రకెక్కింది. బైబిల్ న్యాయాధిపతుల గ్రంథం 12వ అధ్యాయంలో, ఓడిపోయి యొర్దాను రేవు దాటబోయిన ఎఫ్రాయిమువాళ్లను గిలాదువాళ్లు ఆపి షిబ్బోలెతు అనమన్నారు. నోరు తిరగక సిబ్బోలెతు అన్నవాళ్లను అక్కడే చంపారు. అప్పుడు ఎఫ్రాయిమువాళ్లు 42,000 మంది కూలారని అందులో ఉంది. రేవు దగ్గర ఆ మాట అర్థంతో ఎవరికీ పనిలేదు. నువ్వు మావాడివా కాదా అన్నదొక్కటే పరీక్ష. మన శ్లోకంలోనూ శ–స తేడాయే, ఇక్కడా అదే తేడా. అక్కడ తండ్రి కొడుకుని జాగ్రత్త పడమంటున్నాడు, ఇక్కడ కత్తి పట్టుకుని అడుగుతున్నారు. ఎవరినైనా సరిదిద్దబోయే ముందు మనం ఏ పక్కన నిలబడ్డామో చూసుకోవాలి.

మాండలికాల గురించి పైన ఒకరు "వచ్చిండు లాంటివి వ్యాకరణం లేని మాటలు" అన్నారు. అండీ, దీన్ని నేను ఒప్పుకోలేను. వచ్చాడు, వచ్చినాడు, వచ్చిండు, మూడింట్లోనూ చివర డు ఉంది. వచ్చిండు అనేవాళ్లు ఆడమనిషి గురించి పొరపాటున కూడా ఆ మాట వాడరు. నియమం లేకపోతే అంత కచ్చితత్వం ఎక్కడిది? గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం పోరాడారని మనందరికీ తెలుసు, ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం. ఆయన సవరలనే గిరిజనుల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం కూడా రాశారు. అప్పటికి రాతలోనే లేని భాష అది. ఆ వ్యాకరణం ఆయనకు దొరికింది సవరల నోళ్లలోనే.

దీని కింద వచ్చిన ఒక ప్రశ్నకు కూడా ఇక్కడే జవాబిస్తాను.

"మాస్టారూ, అయితే పిల్లలకి శ, ష, స నేర్పడం మానేద్దామంటారా? మా అమ్మాయి ళ కూడా పలకదు. నేను మాటమాటకీ ఆపి దిద్దుతుంటాను."

నేర్పాలమ్మా, తప్పకుండా నేర్పాలి. నవ్వొద్దన్నానే గానీ నేర్పొద్దనలేదు. రేపు ఇంటర్వ్యూలోనో సభలోనో ఆ అమ్మాయి మాట వినేవాళ్లలో రేవు కాపలాదారులు ఉంటారు, వాళ్ల ముందు నోరు తడబడే పరిస్థితి మనం తెచ్చిపెట్టకూడదు. ఫర్వాలేదులే అని వదిలేస్తే నష్టపోయేది బడిలో తప్ప ఇంకెక్కడా ఆ పలుకులు వినే వీలులేని పిల్లలు. కల, కళ తేడా తెలిస్తే చదివేది కూడా తేలిగ్గా పట్టుబడుతుంది.

కానీ మధ్యలో ఆపకండి. "అమ్మా, బల్లో ఇవాల..." అని మొదలెట్టగానే "ఇవాల కాదు, ఇవాళ" అంటే ఏం చెప్పాలనుకుందో అది పోతుంది. నాలుగుసార్లు అలా జరిగితే చెప్పడమే మానేస్తుంది. పూర్తిగా చెప్పనివ్వండి. జవాబులో మీరు "ఇవాళ అంత జరిగిందా!" అనండి, ళ మీద కాస్త నిలబడి. పనిగట్టుకుని నేర్పడానికి వేరే సమయం పెట్టుకోండి. ల కి నాలుక కొన పైపళ్ల వెనక ఆనుతుంది. ళ కి అదే కొనను వెనక్కి మడిచి అంగిలికి ఆనించాలి. అద్దం ముందు కూర్చోబెట్టి నోరు కాస్త తెరిచి పలికిస్తే తనకే కనిపిస్తుంది. ముందు విడిగా ళ, తర్వాత అళ, ఇళ, ఆ తర్వాత కల–కళ, వేల–వేళ జంటలుగా. ష కి కూడా నాలుక మడతే, గాలి మాత్రం సన్నగా వదలాలి. ళ కుదిరాక ష మొదలుపెట్టండి, శ చివర్న పెట్టుకోవచ్చు.