మొదటి రైఫిల్: స్ప్రింగ్ గన్ చాలా, పీసీపీయే కావాలా?

మిర్యాలగూడ_నాన్న
మా బిడ్డకు 13 ఏండ్లు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటనంటున్నది. దుకాణపాయన స్ప్రింగ్ గన్ చాలన్నడు. హైదరాబాదుల ఒక కోచ్ మాత్రం పీసీపీ (సిలిండర్ల ముందే ఒత్తిడి గాలి నింపుకునే రైఫిల్) లేకుంటే లాభం లేదన్నడు. ఒకటి వేలల్ల అయిపోతది, ఇంకోటి లక్షల ముచ్చట. మా మేడ మీది హాలు పొడుగు 12 మీటర్లు ఉన్నది. తెలిసినోళ్లు చెప్పుండ్రి.

పాలమూరు_పది
స్ప్రింగ్ గన్ వద్దన్నా. ధర తక్కువని కాదు, అది పనిచేసే తీరే వేరు. ట్రిగ్గర్ నొక్కంగనే స్ప్రింగు పిస్టన్‌ను ముందుకు తోస్తది, రైఫిల్ వెనక్కి జరుగుతది. పిస్టన్ చివరికి పోయి ఆగంగనే రైఫిల్ మళ్ల ముందుకు గుంజుతది. ఈ రెండు కుదుపులూ అయ్యేటప్పటికి పెల్లెట్ (సీసం గుండు) ఇంకా బ్యారెల్ దాటదు. అంటే ఎంత గట్టిగ పట్టుకున్నరు, ఏడ ఆనించిన్రు అన్నదాన్నిబట్టి దెబ్బ జాగ మారుతది. స్ప్రింగ్ గన్‌ను అరచేతిల వదులుగ పెట్టుకుంటెనే దెబ్బలన్నీ ఒక్క జాగ దగ్గరికి వస్తయి. మ్యాచ్‌ల నిలబడి కాల్చేటప్పుడు ఎడమ మోచెయ్యి తుంటి ఎముక మీద ఆనాలె, బరువంతా ఎముకల మీదికి పోవాలె. ఆ పట్టు వేరు, ఈ పట్టు వేరు. మొదట వదులు పట్టు నేర్పి తర్వాత మార్పిస్తమంటే పిల్లకే తిప్పలు.

ట్రిగ్గర్ సంగతి సరేసరి. మామూలు స్ప్రింగ్ గన్‌ల కిలోన్నర, రెండు కిలోల బరువు గుంజాలె. మ్యాచ్ రైఫిల్ ట్రిగ్గర్ 100 గ్రాముల లోపు పెట్టుకోవచ్చు.

చట్టం_ముందు
లైసెన్స్ ఉన్నదా? మొదట అది చెప్పుండ్రి.

పానగల్_గురి
4.5 మిల్లీమీటర్ల లోపు బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ గన్‌కు లైసెన్స్ అక్కర్లేదండీ. 10 మీటర్ల మ్యాచ్ రైఫిల్ శక్తి 7, 8 జౌళ్లే.

పాలమూరు గారూ, మీరు చెప్పిన కుదుపు నిజమే. కానీ 13 ఏళ్ల పిల్ల మొదటి ఆరు నెలల్లో కొట్టాల్సింది పది రింగు కాదు. రైఫిల్ కార్డులో (గురి కాగితంలో) పది 0.5 మిల్లీమీటర్ల చుక్క, నల్ల భాగం 30.5, మొత్తం కార్డు 45.5. ఆ చుక్క కోసం లక్షలు పెట్టే ముందు పిల్ల 20 నిమిషాలు నిలబడగలుగుతుందా చూసుకోవాలి. స్ప్రింగ్ గన్ ఒక మంచి అలవాటు నేర్పుతుంది. ట్రిగ్గర్ నొక్కాక కూడా కన్ను సైట్ (గురి చూసే భాగం) మీదే ఉండాలి, తల ఎత్తకూడదు. పీసీపీలో తల ఎత్తినా పెల్లెట్ ఎక్కువసార్లు చోటుకే పోతుంది, పిల్లకు తప్పు తెలియదు. స్ప్రింగ్ గన్‌లో తల ఎత్తితే కార్డే చెప్తుంది. ఇంట్లో రోజూ డ్రై ఫైర్ (పెల్లెట్ లేని సాధన) చేయించండి, చాలు.

పాలమూరు_పది
స్ప్రింగ్ గన్‌తోటి డ్రై ఫైరా? పెల్లెట్ లేకుండ వదిలితే పిస్టన్ ముందల గాలి మెత్త ఉండదు. పిస్టన్ పోయి ఇనుముకు ఇనుము గుద్దుకుంటది. సీల్ పగులుతది, స్ప్రింగు విరుగుతది. గిది తెలియకుండ సలహాలా?

పానగల్_గురి
నేను కాక్ చేసి (స్ప్రింగు బిగించి) వదలమనలేదు. కాక్ చేయకుండా ఎత్తి, గురి పట్టి, దింపడం. దాన్నే నేను డ్రై అంటాను.

పాలమూరు_పది
కాక్ చెయ్యకుంటే ట్రిగ్గర్‌కు పట్టు దొరకదు. మరి వేలుకు ఏం నేర్పినట్టు? మ్యాచ్ పీసీపీల డ్రై ఫైర్‌కు ప్రత్యేకంగ ఒక మీట ఉంటది, గాలి వదలకుండ ట్రిగ్గర్ మాత్రమే టిక్కుమంటది. రోజుకు 100 సార్లు పెల్లెట్ ఖర్చు లేకుండ నొక్కొచ్చు. పీసీపీ కొనమనేది దానికోసమే.

సాగర్_కట్ట
ఇద్దరూ ఒక్కటే చెప్తున్నరు, లొల్లి మాత్రం రెండు దిక్కుల.

కొల్లాపూర్_కొండ
ఇంకో మాట. ఆ స్ప్రింగ్ గన్ ఇంట్ల ఉంటే పిలగాండ్లు పిట్టల మీదికి పోతరు. మా దిక్కు అమ్రాబాద్ అడవి పక్కనే. నెమలికి తగిలితే వన్యప్రాణి చట్టం కింద కేసు. "ఎయిర్ గన్నే గదా" అంటే ఎవ్వరూ వినరు. తాళం పెట్టి ఉంచుండ్రి, పెల్లెట్లు వేరే బీరువాల పెట్టుండ్రి.

చట్టం_ముందు
20 జౌళ్లని ఎవరు కొలిచిన్రు? దుకాణపాయన నోటి మాటనా? బిల్లు మీద బోరు, మోడల్ రాసి ఉండాలె. కంపెనీ కాగితం మీద శక్తి ఉండాలె. రెండూ గన్ కవర్లనే ఉంచాలె.

సూర్యాపేట_సిక్స్టీషాట్
బ్రేక్ బ్యారెల్ (బ్యారెల్‌ను ఒంచి స్ప్రింగు బిగించే గన్) కొంటే ఒక జాగ్రత్త. పెల్లెట్ పెట్టేటప్పుడు రెండో చెయ్యి బ్యారెల్‌ను పట్టుకునే ఉండాలె. లోపలి కొక్కెం జారితే బ్యారెల్ ఎగిరి మీదికి కొడ్తది, వేళ్లు నలుగుతయి. ఇంకోటి, మ్యాచ్ అంటే 60 షాట్లు. ఆ స్ప్రింగును 60 సార్లు ఒంచుడు 13 ఏండ్ల బిడ్డ వల్ల కాదు. ఇరవై దాటినంక భుజం వణుకుతది, ఆ వణుకుతోనే గురి పడ్తది.

వీటి మధ్యన మూడోది ఉన్నది. సింగిల్ స్ట్రోక్: పక్కన మీట ఒక్కసారి గుంజితే గాలి నిండుతది. సిలిండర్ అక్కర్లేదు, కుదుపు దాదాపు ఉండదు. వాడిన పాత మ్యాచ్ రైఫిల్ దొరికితే సీల్స్ చూపించుకొని తీసుకోవచ్చు. గాలి నింపి వెంటనే కొన్ని, ఒక నిమిషం ఆగి కొన్ని కాల్చుండ్రి. ఆగినప్పుడు దెబ్బలు కిందికి పడ్తున్నయంటే సీల్ నుంచి గాలి పోతున్నట్టు.

పానగల్_గురి
పీసీపీ అంటున్నారు సరే, గాలి ఎక్కడ నింపుకుంటారు? సిలిండర్‌కు 200 బార్ ఒత్తిడి కావాలి. మిర్యాలగూడలో పంక్చర్ దుకాణం కంప్రెసర్ 8, 10 బార్ ఇస్తుంది. అది టైరుకు.

పాలమూరు_పది
చేతి పంపు ఉంటది, 200 దాకా ఎక్కుతది. పెద్దోళ్లు కొట్టాలె, మధ్య మధ్య ఆపి పంపును చల్లారనియ్యాలె, తేమ వడపోత ఉన్నదే కొనాలె. లేదంటే డైవింగ్ సిలిండర్ ఒకటి నింపించుకొని దాని నుంచి రైఫిల్ సిలిండర్‌కు. ఒక్కసారి నిండితే కొన్ని వందల షాట్లు వస్తయి.

అందరూ ఇది మాత్రం చదువుండ్రి. వెల్డింగ్ షాపు ఆక్సిజన్ నింపొద్దు. "గాలే గదా" అని కొందరు నింపుతరు. అంత ఒత్తిడిల ఆక్సిజన్‌కు నూనె, గ్రీజు తగిలితే అంటుకొని పేలుతది. శుభ్రమైన పొడి గాలి మాత్రమే. ఎండకాలం సిలిండర్‌ను కారుల వదలొద్దు. 25 డిగ్రీల కాడ 200 బార్ ఉన్నది 60 డిగ్రీలకు 220 దాటుతది. నల్గొండ మే నెలల మూసిన కారు ఎంత కాలుతదో మీకు నేను చెప్పాల్నా. సిలిండర్ మీద తయారైన తేదీ కొట్టి ఉంటది, కొన్ని జర్మనీ కంపెనీలు 10 ఏండ్ల తర్వాత వాడొద్దంటయి. సెకండ్ హ్యాండ్ కొనేటోళ్లు రైఫిల్ కన్న ముందు ఆ తేదీ చూడాలె.

సాగర్_కట్ట
పిస్టల్ నేర్పియ్యరాదు? షూటర్ ఈశా సింగ్ పిస్టలే గదా.

సూర్యాపేట_సిక్స్టీషాట్
పిస్టల్‌ల ఒంటి చెయ్యి, చాపి పట్టాలె. ట్రిగ్గర్ బరువు 500 గ్రాములకు తక్కువ ఉండొద్దని నియమం. రైఫిల్‌కు వేసుకునే గట్టి జాకెట్ ఖర్చు ఉండదు, అది నిజమే. కానీ బిడ్డ అడిగింది రైఫిల్.

పానగల్_గురి
ఈశా సింగ్ హైదరాబాదు. లండన్ 2012 ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ హైదరాబాదు. ఎలక్ట్రానిక్ టార్గెట్లు, కోచ్‌లు, గాలి నింపే చోటు, అన్నీ ఔటర్ రింగు లోపలే. ఇక్కడ మీరేమో పీసీపీ లేనిదే ముట్టుకోవద్దంటున్నారు. అంటే నల్గొండ, పాలమూరు పిల్లలు ఈ ఆట ఆడొద్దనే కదా! లక్షలున్న ఇంట్లో పుడితేనే గురి ఉంటుందా?

పాలమూరు_పది
నేను ఆడొద్దనలే. పది వేల గన్ కొనిచ్చి, ఏడాది తప్పుడు పట్టు నేర్పిచ్చి, జిల్లా పోటీల వంద మంది ముందల నిలబెట్టి "నీతోని కాదు" అనిపిచ్చుకొని వాపసు తెచ్చుడు న్యాయమా? గట్ల వదిలేసిన పిల్లలు మా దిక్కు చాలమంది. వాళ్లను ఆ దుకాణాలు ఏమన్న అడిగినయా? ఇంట్ల అటక మీద తుప్పు పడ్తున్న గన్‌లు ఎన్ని ఉన్నయో మీ పానగల్లుల తిరిగి చూడుండ్రి.

పానగల్_గురి
మా ఊరి అటకలు మీకెందుకు? కోచ్‌లు తమ దగ్గర పాత రైఫిల్ ఉంచుకుని కూడా "మీరే కొనండి" అంటారు, ఆ మాట రాయరేం? మొదటి ఆరు నెలలు రేంజ్ (కాల్పులు నేర్పే చోటు) రైఫిల్ ఇవ్వరు. దాని మీద మాట్లాడండి.

పాలమూరు_పది
ఇచ్చే చోట్లున్నయి. గంటకు ఇంత అని తీసుకుంటరు. నేను మొదటి నుంచీ అదే చెప్పాలనుకున్న: ఏదీ కొనొద్దు. వారానికి రెండుసార్లు రేంజ్‌కు తోలుకపోయి అక్కడి రైఫిల్ కాల్పియ్యాలె. ఇంట్ల ఖాళీగ నిలబడే సాధన. మూడు నెలల తర్వాత కొనే మాట.

మిర్యాలగూడ_నాన్న
అన్నా, అందరికీ ఒక మాట. బిడ్డను హైదరాబాదు పంపేటట్టు లేదు. బస్సుల పొయ్యొచ్చుడు ఆరేడు గంటలు, బడి ఉన్నది, వాళ్లమ్మ ఒప్పుకోదు. హాస్టల్ అసలే లేదు. ఇంట్లనే నేర్చుకుంటదా లేదా అన్నదే నా ప్రశ్న. గన్ ఏదైతేంది.

సూర్యాపేట_సిక్స్టీషాట్
గిది మొదటి పోస్టుల రాస్తే ఇంత లొల్లి ఉండకపోవు.

పాలమూరు_పది
అయితే నా జవాబు కూడా మారుతది. కోచ్ కన్ను లేకుండ ఇంట్ల ఒంటరి సాధన చేస్తే పట్టు వంకర పోతది. 13 ఏండ్ల నడుము మీద నాలుగు కిలోల బరువు, వెనక్కి వంగి నిలబడుడు. తప్పుగ వంగితే నడుము నొప్పి. నేను ఒప్పుకోను.

పానగల్_గురి
నేను ఒప్పుకుంటాను. నెలకు ఒక్కసారి కోచ్ దగ్గరికి, మిగతా రోజులు ఇంట్లో. ముందు నుంచి, పక్క నుంచి ఫోన్‌లో వీడియో తీసి పంపితే పాదాలు, తుంటి, తల చూసి చెప్పేవాళ్లున్నారు. ఇంట్లో చేయదగిన పని చాలా ఉంది. రైఫిల్ ఎత్తి గురి పెట్టి, కళ్లు మూసుకుని రెండుసార్లు ఊపిరి తీసి వదిలి, కళ్లు తెరవాలి. సైట్ ఎడమకు పోయి ఉంటే చేతితో లాగకూడదు, వెనక పాదం కొంచెం జరపాలి. మళ్లీ కళ్లు మూయాలి. మధ్యలోకి వచ్చేదాకా అంతే. గురి మీద ఎనిమిది, పది సెకన్లు దాటితే దింపేయాలి. ఆ తర్వాత కన్ను మొండికేసి లేనిది చూపిస్తుంది. దీనికి పీసీపీ కావాలా చెప్పండి?

పాలమూరు_పది
నొక్కుడు దగ్గరికి వస్తే కావాలె.

సూర్యాపేట_సిక్స్టీషాట్
అన్నా, ఇంట్లనే అంటే రైఫిల్ కన్న ముందు హాలు సంగతి చూసుకోవాలె. కాల్చే గీత నుంచి కార్డు దాకా 10 మీటర్లు, కార్డు నడిమి భాగం నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తున. కార్డు మీద వెలుతురు 1500 లక్స్ ఉండాలని నియమం. ఇంట్ల ఒక ఎల్ఈడీ ఫ్లడ్ లైటు కార్డు మీదికే తిప్పి పెట్టుండ్రి, కంట్ల పడకుండ.

వెనక గోడకు షాబాద్ బండలు గాని గ్రానైట్ గాని ఉంటే నేరుగ కాల్చొద్దు. పెల్లెట్ ముక్కలు వాపసు వస్తయి. ఉక్కు రేకు పెట్టె చేయించుండ్రి, రేకు పై అంచు మీ దిక్కు వంచాలె. అప్పుడు పెల్లెట్ కిందికి జారి తొట్టిల పడ్తది. రేకును నిట్టనిలువు పెడితే సీసం తునకలు ముఖం మీదికి వస్తయి. పెట్టె వెనక ప్లైవుడ్, దాని మీద పాత కార్పెట్ రెండు మడతలు. గదిల ఉన్నోళ్లందరికీ కండ్లద్దాలు.

పెల్లెట్లు చదును తల ఉన్నయే కొనుండ్రి, 0.53 గ్రాములయి. కార్డుల గుండ్రటి బొక్క పడ్తది. మొనదేలినయి కాగితాన్ని చింపుతయి, స్కోరు తెలియదు. సీసం గదా, కాల్చినంక చేతులు సబ్బుతోటి కడిగినంకనే బువ్వ. హాలును చీపురుతోటి ఊడ్వొద్దు, దుమ్ము లేస్తది. తడిగుడ్డతోటి తుడువాలె. ఆ హాలుల చిన్నపిల్లలు పాకేటట్టుంటే అసలు పెట్టుకోవద్దు.

కొల్లాపూర్_కొండ
జాకెట్ ఇప్పుడే కొనకుండ్రి. ఎదిగే పిల్ల, ఆరు నెలలల్ల బిగుతయితది. చదును అడుగు షూలు, పల్చటి గ్లౌజు చాలు.

మిర్యాలగూడ_నాన్న
సూర్యాపేట అన్న చెప్పిన సింగిల్ స్ట్రోక్ వెతుకుత. గాలి గోల ఉండదు. హాలు చివర ఎడమ పక్క ఒక తలుపు ఉన్నది, మెట్ల దిక్కు తెరుచుకుంటది. కార్డు ఆ పక్కనే వస్తది, పర్వాలేదా?

పాలమూరు_పది
అస్సలు పనికిరాదు. కార్డును రెండో చివరకు తిప్పుండ్రి, మెట్లు కాల్చేటోళ్ల వెనక ఉండాలె. తిప్పే వీలు లేకుంటే ఆ తలుపుకు లోపలి నుంచి గడియ, బయట నుంచి తాళం. సింగిల్ స్ట్రోక్ అయినా డ్రై ఫైర్ గురించి దాని మాన్యువల్ల ఏం రాసిందో చూసినంకనే నొక్కనియ్యుండ్రి.

చట్టం_ముందు
సెకండ్ హ్యాండ్ అంటున్నరు గదా. బిల్లు ఎవరి పేరు మీద ఉన్నది?