అప్‌డేట్: శాటిలైట్ ఇంటర్నెట్‌కి చివరికి ఏమేం పట్టాయంటే

ఇంట్లో శాటిలైట్ ఇంటర్నెట్ పెట్టుకోవాలంటే ఏ సామాను కావాలని అడిగాను కదా, కనెక్షన్ వచ్చేసింది. డిష్, స్టాండు, కేబుల్, రౌటర్ అన్నీ కిట్‌లోనే వచ్చాయి. అసలు పనంతా డిష్‌కి చోటు వెతకడమే. మా కనెక్షన్‌కి సిగ్నల్ ఇచ్చే ఉపగ్రహాలు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి. ఒకటి దాటిపోగానే ఇంకోదాన్ని అందుకోవాలి కాబట్టి ఆకాశం విశాలంగా కనబడాలి. చెట్టుకొమ్మ అడ్డొచ్చినా వీడియో కాల్ తెగిపోవచ్చు. గోడకి రంధ్రాలు వేయకముందే కనెక్షన్ ఇచ్చేవాళ్ల యాప్‌లో అడ్డంకులు చూసుకోండి.

35,786 కిలోమీటర్ల ఎత్తులో, భూమితో పాటే తిరుగుతూ ఆకాశంలో ఒకేచోట ఉన్నట్టుండే ఉపగ్రహాలైతే డిష్‌ని ఒకే దిక్కుకి గురిపెడితే చాలు. కానీ సిగ్నల్ వెళ్లి రావడానికే దాదాపు అర సెకను. గేమ్స్ ఆడేవాళ్లున్న ఇంట్లో కుదిరే పని కాదు (మావాడు అసలు ఒప్పుకోడు).

యూపీఎస్ పెట్టమన్నవాళ్లకు థాంక్స్. కరెంటు పోయొస్తే డిష్ మళ్లీ కనెక్ట్ అవడానికి కాస్త టైమ్ పడుతోంది. ఎర్తింగ్ మాత్రం ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాను.